బెయిలిచ్చే సారు

పొద్దుగాల సిద్దిపేట మీద మొగులు కమ్మింది గని చినుకు రాలలేదు. పది గొట్టేసరికి అంతా తేలిపోయి ఎండ మండబట్టింది. కోర్టు ఎదురుంగ ముక్తార్ జిరాక్స్ షాపు. మిషిన్ వెనుక స్టూలు మీద విలేకరి శైలేందర్.

"ప్రెస్సోనివి, కోర్టుల కూసోక నా షాపుల దాక్కుంటవేంది శైలేందర్ భాయ్?"

"దాక్కునుడేంది ముక్తార్? నీడకొచ్చిన."

"లోపల నీ బామ్మర్ది గజేందర్ బెయిలు నడుస్తున్నది. ముసలాయన మీ మామ ఒక్కడే పోయిండు. నువ్వేమో నీడకొచ్చినవు."

"నన్ను చూస్తే జడ్జి సారుకు యాదికొస్తది."

"ఏం యాదికొస్తది? పేపర్ల నీ పేరే లేదాయె."

"మెల్లగ మాట్లాడు."

"బజారంత ఎరుకే. ఎనభైమంది అడిగితే అరవైమందికి బెయిలిచ్చిండు, దొంగలకు ఈ కోర్టు చుట్టాలిల్లు అని రాస్తివి. గా దినం సంది సారు ఒక్కనికన్న ఇచ్చిండా? కోడిని ఎత్తుకపోయినోడు సుత లోపల్నే ఉన్నడు."

"చుట్టాలిల్లు అన్నది నేను గాదు. హెడ్డింగు డెస్కోళ్లు పెట్టిన్రు."

"మరి లెక్క?"

"లెక్క నాదే. లెక్క తప్పు లేదు. అంటే... అరవైమందిల ముప్పైమందికి పోలీసోళ్లు టైముకు ఛార్జిషీటు వెయ్యలేదు. అట్లయితే చట్టమే బెయిలియ్యమంటది. అండ్ల సారు చేతుల ఏం లేదు. గది నాకు రాసినంక ఎరుకైంది."

"రాసినంకనా?"

"రాసినంక."

"మరి తప్పైందని మళ్ల రాయరాదు?"

"రాసి పంపిన. అచ్చెయ్యలే. మూడుసార్లు ఫోన్ చేస్తే, నీకు కొలువు ఉండాల్నా వద్దా అన్నరు... గదిగో, మామ వస్తుండు. ఆయనకు ఎరుకలేదు. ఏమనకు."

"రా రాజమల్లయ్యా, రా. ఏమాయె?"

"నీళ్లున్నయా ముక్తార్?"

"ఇగో. ఏమాయె?"

"ఏం గాలె."

"మామా, బెయిలు..."

"ఇయ్యలే అల్లుడా. ఈ కేసు నేను వినను అన్నడు సారు. రేపటిసంది ఎండకాలం సెలవులట. సెలవులైనంక ఇంకో కోర్టు, ఇంకో సారు. మళ్ల మొదటికెంచి."

"నెల దినాలా! వారంల రెండుసార్లు ఫిట్స్ వచ్చినయి గద పిలగానికి!"

"నిన్నటిది కలిపితే మూడు. నాలుక కొరుక్కున్నడట. నెల దినాలు ఆగుతడా వాడు? ఆగుతడా అల్లుడా?"

"మామా, నీకొక మాట చెప్పాలె."

"తిందాం పా. కొడుకు ఇంటికొస్తడు, తొవ్వల తినిపియ్యి అని మీ అత్త తెల్లారకముందే వండి కట్టింది."

"తినుడు తర్వాత. గా సారు మీద పేపర్ల రాసింది..."

"నువ్వే. ఎరుకే."

"ఎవరు చెప్పిన్రు?"

"నీ పెండ్లామే. నవనీత."

"ఎరుకై సుత ఒక్కమాట అనవా? తిట్టు మామా. చెంప మీద కొట్టు. నేను రాసినందుకే సారుకు బెయిలంటే భయం పట్టింది."

"తిట్టుడేంది? మంచిగనే రాసినవాయె."

"మంచిగనా?"

"నాకు చదువస్తదా? నవనీతతోని చదివిపిచ్చుకున్న. ఎనభైమందిల అరవైమందిని ఇండ్లకు తోలిండు అనేదాక చదివి ఊకున్నది. చాలు బిడ్డా అన్న. అరవైమంది తల్లులు మొక్కుతరు గా సారుకు. కొడుకు లోపలున్నోనికి అంతకన్న మంచి సారు ఎవరుంటరు?"

"మామా... అది మెచ్చుకుంట రాసింది గాదు. సారును బద్నాం చేసుకుంట రాసింది."

"బద్నామా?"

"అవు."

"బెయిలిచ్చుడు బద్నామెట్లయితది?"

"అదంత ఇడిసిపెట్టు. లోపల ఏమైందో చెప్పు. సారు ఏమన్నడు?"

"ఏమంటడు..."

"చెప్పు మామా."

"ముందుగాల మంచిగనే ఉండె. వకీలు రత్నాకర్ దవాఖాన కాగితాలిచ్చిండు. సారు ఒక్కొక్కటి తిప్పి చదివిండు. జమానతుకు ఎవరున్నరు అని అడిగిండు."

"జమానతు అడిగిండా! అట్లడిగిండంటే ఇచ్చేటట్టే గద!"

"వకీలు సుత నా దిక్కు చూసి నవ్విండు. నాకు పానం ఆగలె. దండం పెట్టుకుంట ముంగటికి పోయి..."

"పోయి?"

"నువ్వు రాసిన ముక్క కత్తిరించి అంగి జేబుల పెట్టుకపోయిన. గది సారు చేతికిచ్చిన. మా అల్లుడే రాసిండు సారూ, మీ పేరు ఊరూరికి ఎరుకైంది అన్న."

ముక్తార్ షట్టర్ సగం దించిండు. మామా అల్లుడు ఒక్క టిఫిన్ డబ్బలనే చెయ్యి పెట్టి, చల్లగైన అన్నం ఆఖరి మెతుకుదాక తిన్నరు.