మామ పోసిన స్లాబ్

కూతురికి మదనపల్లెలో తన చేతులతో కట్టిచ్చిన ఇంట్లో, అల్లుడు నిచ్చెనెక్కి జిప్సం సీలింగ్ బిగిస్తుంటే మేస్త్రి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“యాల మూస్తాండావప్పా? నేను పోసిన స్లాబ్ సూసేకి అంత గలీజుగా ఉండాదా?”

“అది కాదు మామా. కువైట్‌లో నేను చేసింది ఈ పనే కదా.”

“పుంగనూరులో ఎన్నిండ్లకు పోసినా! ఒక్కరూ నా స్లాబ్‌కు ముసుగెయ్యలే. నా బిడ్డ ఇంటికే ఎయ్యల్లనా?”

“కోప్పడొద్దు మామా.”

“రాదా కోపం? పనోళ్లను కూడా పిలవకుండా ఒక్కడివే బిగించేంత తొందర ఏమొచ్చె?”

“పనోళ్లొస్తే ఆ మూల పగులు సూస్తారు మామా. మేస్త్రి కూతురింట్లోనే స్లాబ్ పగిలిందని ఊరంతా సెప్తారు.”

మేస్త్రి తలెత్తి ఆ మూలకు చూశాడు.

“దించు ఆ బోర్డు! ముందు నా పగులు నేను పూడ్సల్ల. తర్వాతే నీ సీలింగ్.”