గులాబీల చాప

ఏటా జరిగే తెరచాప ఓడల పందేనికి రేవు గట్టు కిక్కిరిసిపోయింది. తెరచాపలు కుట్టే ఆయన, ఆయన భార్య ముందు వరసలో నిలబడ్డారు.

“ఏమండీ, మీరు కుట్టిన చాప మీద ఆ గులాబీలేంటి?”

“నిన్న గాలికి చిరిగితే అతుకేశాను.”

“అది మన పడగ్గది కర్టెన్ కదూ!”

“కొట్లన్నీ మూసేశారే. గుడ్డ దొరకలేదు.”

“మీ చెల్లెలే పట్టుకుపోయిందని పొద్దున్నే ఫోన్ చేసి దులిపేశానే!”

“మెల్లగా! ఊరంతా వింటోంది.”

“విననివ్వండి. అయ్యో, ఆ నల్ల చాప ఓడ మనదాన్ని దాటేస్తోంది! అతుకు ఊడిందా?”

“నా కుట్టు ఊడదే. చూడు, గాలి అందుకుంది!”

“అదిగో, మన గులాబీలే ముందు! గెలిచాం! మీ చెల్లెలికి ఫోన్ కలపండి.”

“తప్పయిందని చెబుతావా?”

“అదెందుకూ? మన కర్టెన్ గెలిచిందని చెబుతాను.”