రెండు కుర్చీలు చెప్పి పెట్టాడట

హలో… ఆ, నేనే. నేనే అక్కా, గొంతు తగ్గించి మాట్లాడుతున్నా, అందుకే అలా వినపడుతోంది.

—

లేదు, ఇంకా అవలేదు. సగం కూడా అయినట్టు లేదు. చేతులు కడుక్కొస్తానని చెప్పి మధ్యలో లేచి వచ్చేశా. హోటల్ వెనక పెరట్లో నిలబడ్డా.

…

కంగారు పడకు, ఏమీ కాలేదు. ఒంట్లో బాగానే ఉంది. గుండె మాత్రం మన పాత కుట్టుమిషన్‌లా టకటకలాడుతోంది… నవ్వకు. నీకో మాట చెప్పాలి. చెప్పకుండా లోపలికెళ్ళి కూర్చోలేను.

—

చెప్తా, మొదట్నుంచీ చెప్పనీ.

దారంతా మన ఎదురు కళ్ళజోళ్ళ షాపాయన కారు నడపడమే. రెండు చేతుల్తో స్టీరింగ్ పట్టుకుని, పరీక్షకెళ్ళే పిల్లాడిలా… నేనే వాగుతూ కూర్చున్నా. అటు చూస్తే పొలాలు, ఇటు చూస్తే పొలాలు. పేపర్లో ఈ హోటల్ గురించి అంత రాశారు కదా, నేనేదో పెద్ద మేడ అనుకున్నా. తీరా చూస్తే పాత పశువుల కొట్టం.

…

నిజంగా. రాతిగోడలు, పైన దూలాలు అలాగే ఉంచేశారు. ఒక పక్క గోడ మాత్రం తీసేసి అద్దం పెట్టారు, కూర్చుంటే చేలన్నీ ఒళ్ళో ఉన్నట్టే ఉంటాయి. లోపల అందరూ గుసగుసలే. నేను నవ్వితే నాలుగు తలలు తిరిగాయి.

—

వేసుకున్నది ఆ నీలం బట్టలే. నువ్వు చెప్పినట్టు మోచేతి దగ్గర వదులు చేశా, లేకపోతే చెంచా నోటిదాకా వచ్చేది కాదు.

…

తిండా? పళ్ళెం చూస్తే ఇంత. మధ్యలో తిండి చొక్కా గుండీ అంత. వడ్డించే అమ్మాయి పక్కనే నిలబడి, అది ఏ చేలో పుట్టింది, ఎలా పెరిగింది, ఎవరి చేతి మీదుగా వచ్చింది, మొత్తం చెప్తుంది. పెళ్ళి సంబంధం చెప్తున్నట్టే ఉంది. నవ్వాపుకోలేక చచ్చా.

కానీ అక్కా… ఒక క్యారెట్ తెచ్చారు. ఒక్కటే. ఎండుగడ్డిలో చుట్టి పొద్దుట్నించి నిప్పుల్లో ఉంచారట. నోట్లో పెట్టుకున్నా. ఇన్నేళ్ళూ నేను తిన్నది క్యారెట్టేనా అనిపించింది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, నిజం.

—

ఆయనా? ఆయన సంగతే కదా చెప్పబోతున్నా. తర్వాత ఒక గిన్నె నిండా గులకరాళ్ళు తెచ్చిపెట్టారు. అందులో రెండు మాత్రం బంగాళదుంపలట, బంకమట్టి పూసి కాల్చారు, మిగతావన్నీ నిజం రాళ్ళే. ఆ అమ్మాయి ఏది ఏదో చెప్తూనే ఉంది. ఈయన విననే లేదు. నన్ను చూస్తూ చెయ్యి పెట్టి ఒకటి తీసి టక్కున కొరికాడు.

…

రాయే. ఊరందరి కళ్ళూ చూసి అద్దాలిచ్చే మనిషి. రాయికీ దుంపకీ తేడా తెలియలేదు.

—

పన్ను బాగానే ఉందట. అడిగా. దవడ పట్టుకుని "చాలా బాగుందండీ" అన్నాడు పాపం.

అదిగో, సరిగ్గా అప్పుడే. ఆ అమ్మాయి నీళ్ళు పోస్తూ ఏమందో తెలుసా? "ఇన్నాళ్ళు ఎదురుచూశారు కదా సార్, పోయిన వానాకాలంలోనే ఇద్దరికని టేబుల్ చెప్పి పెట్టారు, మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి ఉందా లేదా అని అడిగారు" అంది.

…

పోయిన వానాకాలం, అక్కా. ఆలోచించు. అప్పటికి ఆయనెవరో మనకి తెలుసా? మన కుట్టుషాపుకి ఎదురుగా కళ్ళజోళ్ళ షాపు అప్పుడే తెరిచాడు. ప్యాంటు పొడుగైందని తెచ్చాడు. నువ్వు కొలత తీశావు, నేను కుట్టాను. అంతే కదా? టీలు, కబుర్లు, నాకు దగ్గర చూపు అద్దాలు చేసివ్వడం, ఇవన్నీ చలికాలం దాటాక కదా.

—

అదే నా బాధ. అప్పుడే ఇద్దరికని చెప్పాడంటే ఎవరా ఇద్దరు?

…

ఆ బ్యాంకావిడా? నువ్వే అన్నావు చూడు, నేనింకా అనలేదు. ఆయన షాపుకొచ్చినప్పుడల్లా కళ్ళజోడు ఫ్రేము నచ్చలేదని మార్చేది, గుర్తుందా? పొడుగ్గా, నిటారుగా… ఆవిడ కోసం పెట్టించిన కుర్చీలో నేను కూర్చున్నానేమో. ఆవిడ కోసం కాల్చిన క్యారెట్‌కి నేను ఏడ్చానేమో.

—

ఏడవడం లేదు. నవ్వుతున్నా… ఏమో, రెండూ ఒకేలా వస్తున్నాయి. ఈ వయసులో నాకెందుకక్కా ఈ గోల. హాయిగా బటన్ హోల్సు కుట్టుకుంటూ ఉండేదాన్ని.

…

అడగాలా? మొహం మీదే?

—

నీకేం, ఇంట్లో కూర్చుని ఎన్నైనా చెప్తావు. అడిగితే "అవునండీ, ఆవిడ కోసమే" అన్నాడనుకో, తిరిగి వెళ్ళేదీ ఆయన కారులోనే.

…

అక్కా, ఆగు. వస్తున్నాడు. తినేటప్పుడు మెడలో కట్టుకున్న గుడ్డ అలాగే ఉంది, తియ్యకుండా వచ్చేశాడు. నేను పారిపోయాననుకున్నాడో ఏమో, అన్ని వైపులా చూస్తున్నాడు… నువ్వు పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు. ఫోన్ ఇలాగే పట్టుకుంటా.

ఏమండీ… ఇక్కడున్నా. ఇటు, తోటకూర మడి పక్కన.

—

అబ్బే, తిండి బాగుంది. చాలా బాగుంది. ఒక మాట అడగాలి మిమ్మల్ని. ఈ టేబుల్ పోయిన వానల్లో చెప్పి పెట్టారట కదా.

…

ఎవరి కోసమండీ?

…

…

అక్కా, అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

…

ఏంటండీ? కాస్త గట్టిగా.

…

ఏ రోజు?

—

అక్కా, విన్నావా? వినపడదులే, ఆయన గొంతే అంత. ఆ ప్యాంటు పట్టుకెళ్ళిన రోజు సాయంత్రమేనట ఫోన్ చేశాడు. నేను ప్యాంటు చేతికిస్తూ "ఇన్నేళ్ళూ ప్యాంటు కాళ్ళకింద పడుతుంటే అలాగే నడిచారా, చెప్పేవాళ్ళెవరూ లేరా" అన్నానట. నాకు గుర్తే లేదు. ఆయన ఇంటికెళ్ళి, వేసుకుని, అటూ ఇటూ నడిచి చూసుకున్నాడట. తర్వాత ఫోన్ తీసి ఇక్కడికి చేశాడట.

…

అదే నేనూ అడుగుతున్నా. ఏమండీ, అప్పటికి నా పేరైనా తెలియదు కదా, ఎలా చెప్పి పెట్టారు?

…

అయ్యో దేవుడా.

—

చెప్తానుండు, ఊపిరి పీల్చుకోనీ. ఎవరైనా నెలల తరబడి వేచి ఉండాల్సిందేనని హోటల్ వాళ్ళు అన్నారట. అది వినగానే ఆయనకి ప్రాణం లేచొచ్చిందట. ఈలోపు ఎలాగో ధైర్యం కూడదీసుకుని నాతో మాట కలపొచ్చు కదా అని. కుదరకపోతే ఒక కుర్చీ ఖాళీగానే ఉండేదట, ఒక్కడే వచ్చి తిని వెళ్ళేవాడట.

…

బ్యాంకావిడా? ఏమండీ, మా అక్క బ్యాంకావిడ సంగతి అడగమంటోంది… ఆవిడకీ, ఆవిడ అల్లుడికీ పొడి కళ్ళట అక్కా. ఫ్రేము వంకతో వచ్చి ఇద్దరికీ కలిపి ఒకే సీసా చుక్కల మందు అడిగేదట.

…

ఏంటండీ, ఫోనా? మా అక్కతోనా? అక్కా, నీతో మాట్లాడాలట. ఇస్తున్నా, కాస్త నెమ్మదిగా మాట్లాడు.

…

…

…

హలో? అక్కా? ఏమన్నాడు నీతో? చిక్కుడు పందిరి దాకా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు, నాకొక్క ముక్క వినపడలేదు.

…

ఎవర్ని?

…

పెళ్ళి మాట నన్ను అడగాలి కదా. నేనిక్కడే ఉన్నాను కదా, చెట్టులా నిలబడి.

—

నువ్వేమన్నావు?

…

లేదక్కా, వినిపించుకో. బావ పోయాక ఆ ఇంట్లో మనిద్దరమే. నిన్నొక్కదాన్నే వదిలి నేను—

…

ఆయనే వస్తానన్నాడా? మన మేడ మీదికా?

…

నిన్ను వదిలి నేను రానని ఆయనకెవరు చెప్పారు?

…

ఎదురు షాపులో కూర్చుని ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాడా. ఊఁ. కళ్ళ డాక్టరు కాకపోయినా కళ్ళు పనిచేస్తున్నాయన్నమాట.

—

అప్పుడే షరతులు కూడా పెట్టేశావా? కళ్ళజోళ్ళు ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదనా. ఒప్పుకున్నాడా?

…

అక్కా. నువ్వు ఏడుస్తున్నావు. 

…

సరే, ఉల్లిపాయల వల్లేలే. తరుగు. తెల్లారేదాకా తరుగుతూనే ఉండు.

—

ఆ వడ్డించే అమ్మాయి తలుపులోంచి సైగ చేస్తోంది, తర్వాతది చల్లారిపోతుందేమో. ఈయన పందిరి వైపు తిరిగి నిలబడ్డాడు, చిక్కుడుకాయలు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

ఏమండీ… ఇటు తిరగండి.

…

సరేనండీ.

…

అక్క చెప్పమన్నది కాదండీ. అక్క ఫోన్లో ఇంకా ముక్కు చీదుతోంది. ఈ సరే నాది.

…

…

అక్కా, నేనిక ఉంటా. తడిమట్టిలో దిగబడుతున్నాయని చెప్పులు విప్పి పట్టుకున్నా. ఆయనేమో చెయ్యి చాపి నిలబడ్డాడు. నాకు ఒక చేతిలో చెప్పులు, ఒక చేతిలో నువ్వు.

—

ఆ, నువ్వే. పెట్టేస్తున్నా.