కొత్త నంబర్లు బంద్

కోరుట్లలో అత్తాకోడళ్లు బీడీలు చుడుతున్నారు. సౌదీలో యజమాని ఫోన్ గుంజుకుంటే అత్త కొడుకు పనిలోంచి పారిపోయాడని పక్కింటివాళ్లు ఇప్పుడే చెప్పి వెళ్లారు.

“ఫోన్ దగ్గర పెట్టుకోవే. ఎవలనన్న అడుక్కోని చేస్తడు వాడు.”

“చేసినా కలువది అత్తమ్మా. లోన్ కావాల్నా, ప్లాట్ కావాల్నా అని ఒకటే సతాయింపు. నిన్న కొత్త నంబర్లన్నీ బంద్ పెట్టిన.”

“ఎవల్నడిగి పెట్టినవే?”

“బంద్ పెట్టకముందు ఒకడు ఫోన్ జేసి హిందీల మీ కొడుకు పేరు చెప్పిండు. పేర్లు సుత తెలుసుకున్నరా దొంగల్లారా అని మంచిగ తిట్టి పెట్టేసిన.”

అత్త చేతిలో ఆకు చిరిగింది.

“గా నంబర్‌కే చెయ్యవే!”

కోడలు చేసింది. వింటూ వింటూ గోడకు ఆనుకుంది.

“ఏమంటున్నడే?”

“నా తిట్లు మీ కొడుకు వాని పక్కన నిలవడి విన్నడట అత్తమ్మా. గప్పుడే బయటికి ఎల్లిపోయిండట. యాడికి పోయిండో తెల్వదట.”