చొక్కా జేబులో చీటీ

గుడివాడలో శోభనాద్రిగారి రైస్‌మిల్లు, 1958. ఆఫీసు గదిలో శోభనాద్రిగారు, గుమస్తా బసవపున్నయ్య. గుమ్మంలో, నాలుగు రోజుల తర్వాత పనిలోకొచ్చిన కాటా మనిషి బాలస్వామి, చొక్కా జేబు మీంచి చెయ్యి తియ్యకుండా.

“డాక్టరు చీటీ లేందే లోపలికి అడుగు పెట్టొద్దన్నానా లేదా?”

“అన్నారండి బాబుగారూ. నాలుగు రోజులు లేవలేకపోయానండి, అదే చెప్తున్నా...”

“చెప్తే చాలదురా బాలస్వామీ! కొత్త రూలు. గోడమీద నోటీసు చూళ్ళేదూ?”

“చూశానండి. దాన్ని అంటించిన మర్నాడే నాకు జలుబు చేసిందండి.”

“విన్నావా బసవపున్నయ్యా, వెటకారం! ఒరే, నువ్వు నందివాడ వెళ్ళావు. మీ అత్తారి కోతలకి. అక్కడ కోత కూలి, ఇక్కడ జబ్బు జీతం!”

“ప్రభువు సాక్షిగా కొడవలి ముట్టుకోలేదండి. ముట్టుకుందల్లా చెంబేనండి.”

“చెంబా?”

“చెంబండి. ఇంటికీ కాలవగట్టుకీ, కాలవగట్టుకీ ఇంటికీ.”

“జలుబన్నావు?”

“జలుబుతోనే మొదలైందండి.”

“జలుబుకి చెంబెందుకురా?”

“మా ఇంటిది దయామణీ అదే అడిగిందండి.”

“ఈ కబుర్లన్నీ నా దగ్గర కాదు. చీటీ! లేదంటావా, మధ్యాహ్నానికి కాటా దగ్గర పోతయ్య నిలబడతాడు. పన్నెండేళ్ళు చేశావని కూడా చూడను.”

“అంత మాటనకండి. ముగ్గురు పిల్లలు గలవాణ్ణి. ఉందండి.”

“ఏవుంది?”

“చీటీ. జేబులో.”

“హారి నీ! ఉంచుకుని ఇంతసేపూ ఈ గోలేవిట్రా? ఇటియ్యి!”

“వద్దులెండి బాబుగారూ. ఉందని ఒప్పుకుని పన్లోకి వెళ్ళనివ్వండి. మీ మంచికే చెప్తున్నా.”

“నా మంచికా! బసవపున్నయ్యా, లాక్కో. లాక్కుని పైకి చదువు. బయట కలాసీలందరికీ వినపడాలి.”

“గుమస్తాగారూ, ఆగండి! చీటీ చూపించమన్నారు గానీ, చాటింపు వెయ్యాలని రూల్లో లేదు గదండీ. నా రోగం నా సొంతం. యూనియన్ జీవానందంగారు కూడా...”

“జీవానందం లేడు, గీవానందం లేడు. చదువయ్యా!”

“ఇంగ్లీషులో ఉందండి.”

“అయితే తెలుగులో చెప్పు.”

“బాలస్వామికి నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా విరేచనాలు అయ్యాయట. నిజమేనండి. పన్లోకి రాలేని పరిస్థితట.”

“ఊఁ. తర్వాత?”

“అంతేనండి.”

“కింద ఇంకా రెండు వరసలున్నాయిగా? ఇంగ్లీషు రాకపోయినా కళ్ళున్నాయయ్యా నాకు. కారణం ఏవని రాశాడు?”

“కారణం... ఎందుకులెండి.”

“కారణం లేని చీటీ చెల్లదు. గట్టిగా!”

“వైద్యం చదవని మనిషి ఎవరో... జలుబుకని... సొంతంగా నూరి, ఉండచేసి ఇచ్చిన నల్లమాత్రలు... ఆరు.”

“ఆరా?”

“నాలుగు చాలన్నానండి బాబుగారూ. మిగతా రెండూ మీరే నోరు తెరిపించి వేశారు.”

“ష్! మెల్లిగా, మెల్లిగా! తలుపు దగ్గరకెయ్యి. పేరు... పేరు రాశాడా?”

“డాక్టరుగారు గుచ్చి గుచ్చి అడిగారండి. పన్నెండేళ్ళు ఆయన ఉప్పు తిన్నాను, ప్రాణం పోయినా చెప్పనన్నానండి. ఉద్యోగం పోతే మాత్రం ఆలోచిస్తానన్నాను.”

“ఉద్యోగం పోవడమేవిట్రా, పిచ్చివాడా! నీ కాటా నీదే. వెళ్ళు. ఇవాళ బరువులు ఎత్తకు, కూర్చునే తూకం చూడు. బసవపున్నయ్యా, ఆ నోటీసు చింపెయ్.”

“చింపుతానండి. కానీ రేపట్నుంచి నాకు నాలుగు రోజులు సెలవు కావాలండి.”

“నిక్షేపంలా ఉన్నావు, నీకేవొచ్చిందయ్యా?”

“ఇంకా ఏమీ రాలేదండి. పొద్దున ఒక్క తుమ్ము తుమ్మానని మీరు చేతిలో పెట్టారు గదండీ... ఆ ఆరూ మింగేశాను.”