సిరిల్ రాజ్యాంగంలో పెట్టించిన వాక్యం

ఆదివారం ప్రార్థన అయ్యాక రొజాలియా హోటల్లో చేరాం. మా అగ్నిమాపక దళం పెద్ద బెర్నార్డ్ రాజధాని లుబ్లియానా నుంచి వచ్చిన ఉత్తరం పైకి చదివాడు. దేశం రాబడికి మించి ఖర్చు పెట్టకూడదని రాజ్యాంగంలో ఉంది కాబట్టి, వచ్చే నెల నుంచి మా లోయకి డాక్టరు రాడట. రొజాలియా వాళ్ళమ్మకి వారం వారం గుండెకి ఇంజెక్షన్ పడాలి. కనుమ అవతల ఊళ్లో వేయించుకుందామంటే, మంచు పడితే ఆ దారి మూసేస్తారు. రొజాలియా గిన్నెల్లో సూప్ పోస్తోంది.

అప్పుడు సిరిల్ నోరు తెరిచాడు. పార్లమెంటులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. ఆయన కోతలు కోటలు దాటతాయని అందరికీ తెలుసు, అయినా మొదలుపెడితే లేచి వెళ్ళలేం.

"ఆ వాక్యమా? అది పెట్టించింది నేనేగా. గొప్పకి చెప్పట్లేదర్రా, నేను చేసింది చిన్న పనే. అప్పట్లో రోజూ అదే గోల. రాబడి, ఖర్చు సమంగా ఉండాలని రాజ్యాంగంలోనే రాసేద్దామని కొందరు, రేపు కష్టకాలం వస్తే ఏం చేస్తారయ్యా అని కొందరు. ఓ పెద్దాయన మెట్లమీద నన్నాపి, సిరిల్, నువ్వేమంటావ్ అన్నాడు. పిండి డబ్బా అడుగు కనబడితే మా అమ్మ రొట్టెల్లో ఒకటి తగ్గించేది సార్ అన్నాను. ఆ మాట అరచేతి మీద రాసుకుని లోపలికెళ్ళాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు బెర్నార్డ్, చేతిలో ఉత్తరం సంగతి మర్చిపోయి.

"తొంభైమందిలో అరవై చేతులు లేవాలి. యాభైతొమ్మిదే లేచాయి. అరవయ్యో ఆయన గాష్పర్ గారు కొండమీద తేనెపెట్టెల దగ్గరున్నాడు. మే నెల, తేనెటీగలు గుంపులు విడిపోయే రోజులు, వదిలి రానన్నాడు. ఇక్కడ వీళ్ళు చెయ్యి దించితే మనసు మారిపోతుందేమోనని ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచారు. నేను కొండెక్కి ఆయన్ని ఓ భుజానా, పన్నెండు పెట్టెలు ఇంకో భుజానా వేసుకుని దిగాను."

"బస్సువాడు ఎక్కించుకున్నాడా మావయ్యా?" అన్నాను.

"బస్సెక్కడిదిరా, నడకే. పూలు కనబడ్డ చోటల్లా ఈగల కోసం ఆగాలి కదా. మూడు రోజులు పట్టింది."

"మూడు రోజులూ చేతులెత్తే ఉన్నారా?"

"మరి? పెళ్ళాలొచ్చి సూప్ తాగించి పోయారు. సరే, హాల్లో పెట్టెలు దించానో లేదో, ఈగలన్నీ లేచి ఆ లెక్కల కాగితాల మీద వాలాయి. ఎక్కడ ఖర్చు మించిందో అక్కడే వాలాయి, ఆ పద్దు కొట్టేసేదాకా కదల్లేదు. తేనె తెచ్చినంతే తినే జాతి, వాటికి ఒకరు చెప్పాలా? గాష్పర్ గారు చెయ్యెత్తారు, వాక్యం రాజ్యాంగంలో పడింది. పడగానే చూడాలి! దేశం మొత్తం సమమైపోయింది. కుంటి బల్లలు నిలబడ్డాయి. తాగినవాళ్ళు తిన్నగా ఇంటికెళ్ళారు. సావా నది ఆగి, వచ్చిన నీళ్ళెన్ని, పోయిన నీళ్ళెన్ని అని చూసుకుని మళ్ళీ కదిలింది. ఒక్క త్రిగ్లావ్ శిఖరమే ఇటు పక్కకి ఒరిగింది. మన లోయ మీద పడబోయింది. నేనే వెళ్ళి భుజం పెట్టాను. ఇదిగో, ఈ భుజమే. ఇప్పటికీ చలికాలం లాగుతుంది."

అబద్ధమని తెలిసి కూడా నేను కిటికీలోంచి కొండ వైపు చూశాను. బెర్నార్డయితే ఆ భుజాన్ని మెల్లిగా తాకాడు.

రొజాలియా గరిటె పక్కన పెట్టి వచ్చి సిరిల్ ఎదురుగా కూర్చుంది.

"అయితే మా డాక్టర్ని తీసేసింది నువ్వేనన్నమాట, మావయ్యా."

సిరిల్ తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. అవునంటే ఆవిడ ముఖం చూడలేడు, కాదంటే ఇంతసేపు చెప్పిందంతా గాలికి పోతుంది. మేమెవ్వరం ఆయన్ని ఆదుకోలేదు.

"నేను లోపలికే వెళ్ళలేదమ్మా," అన్నాడు చివరికి. "ఆ రోజూ, ఏ రోజూ. కింద గుమ్మం దగ్గర సభ్యుల కోట్లు తీసుకుని కొక్కేలకి తగిలించేవాణ్ణి. చప్పట్లు వినబడితే ఏదో అయిందనుకున్నాను. అంతే."

నవ్వుదామనుకున్నాం గానీ నవ్వు రాలేదు. ఆయన్ని అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు, నాకు జాలేసింది.

"వాళ్ళు నిన్ను గుర్తుపడతారా?" అంది రొజాలియా.

"కొందరు పడతారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు."

ఆవిడ బెర్నార్డ్ చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడిచి సిరిల్ జేబులో పెట్టింది.

"రేపు ఏడింటి బస్సుకి నాతో లుబ్లియానా రా. అక్కడ ఈగలూ వద్దు, కొండలూ వద్దు. మా అమ్మ సంగతి వాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు."