ఆఖరి ఓడనూ లెక్కలోకి తెచ్చిన నజీర్ అహ్మద్ గారు

1970 జూన్ పదిహేనో తేదీన మా రేవు కార్యాలయంలోని బెర్తుల పథక విభాగంలో సహాయకులుగా చేరిన శ్రీ నజీర్ అహ్మద్ గారు, పద్దెనిమిదేళ్ల నిష్కళంక సేవానంతరం, విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

ఏ ఓడను ముందు సరుకు దించే బెర్తుకు పిలవాలి, దేన్ని బయట లంగరుపై ఆపాలి అన్నది వినడానికి సులువే గాని, పది ఓడలను నిలిపే వరుసలే లక్షల్లో ఉంటాయి. సర్వోత్తమమైనదాన్ని వెతికి పట్టేలోగా ఓడలు తుప్పు పడతాయి కనుక ఉజ్జాయింపు పద్ధతులే శరణ్యం. 'నిరుటికంటే నయం' అంటూ ఎవరి పద్ధతిని వారే మెచ్చుకునే ఆ రోజుల్లో నజీర్ గారొక గీటురాయిని తెచ్చారు. బెర్తులన్నిటి క్రేన్లూ ఏకమై, చిన్నదాంతో మొదలుపెట్టి ఒక్కొక్క ఓడ సరుకునే దించుతున్నట్టు ఊహిస్తే, ఓడలు రేవులో గడిపే మొత్తం కాలం అంతకు తగ్గడం ఎవరి తరమూ కాదు. ఆ ఊహకు మన పథకం ఎంత దగ్గరగా వస్తే దానికి అంత ఎక్కువ మార్కు.

1978లో, 'తక్కువ సరుకున్న ఓడ ముందు' అనే వారి సొంత సూత్రం ఈ పరీక్షలో దివ్యంగా నెగ్గింది. రంజాన్ మర్నాడే ఆమోద సమావేశం. దానిపైనే వారి పదోన్నతీ ఆధారపడి ఉంది.

పండుగనాడు వారు షీర్‌ఖుర్మా పాయసం గిన్నెలు పట్టుకుని, అలవాటుగా, దగ్గరిల్లు చూసుకుంటూ పాత ఊరంతా తిరిగి, చివరకు పెందుర్తిలోని అక్కగారు కరీమున్నీసా ఇంటికి చేరారు.

"ఏటి నజీరూ, దగ్గరోళ్ళందరికీ ఏడేడిగా ఇచ్చీసి, నాకు మాత్రం ఏటేటా సల్లారిందే తెత్తావా?" అన్నారావిడ.

అందరూ నవ్వారు. నజీర్ గారు మాత్రం నవ్వలేకపోయారు. చిన్న ఓడ వచ్చినప్పుడల్లా వెనక్కి జరిగిన ఎరువుల పెద్ద ఓడ ఒకటి వారి కళ్లముందు నిలిచింది.

మర్నాడు సమావేశంలో లేచి, "మొత్తం కొలిసేను గానండీ, ఆఖరోడి గోడు కొలవలేదండి. ఆమోదం ఆపండి" అన్నారు.

"మీ ప్రమోషన్ సంగతేటండీ?" అని ముఖ్యాధికారి అచ్యుతరామయ్య గారు విస్తుపోయారు.

"అదీ లంగరేసుకుని కూకుంటాదండి."

అన్నట్టే ఆ పదోన్నతి రెండేళ్లు ఆగింది. ఈలోగా వారు సూత్రాన్ని సవరించి, ఏ ఓడా ఒక గడువుకు మించి కాచుకోకూడదన్న నియమం చేర్చారు. మొత్తం మార్కు కాస్త తగ్గినా, దానితోనే నేటికీ మా పని హాయిగా సాగుతోంది. మరుసటి రంజాన్ నుంచి మొదటి గిన్నె పెందుర్తికే వెళుతోందని వారి శ్రీమతి షంషాద్ గారు మాతో చెప్పి మురిసిపోయారు.

ఎంత తొందరలోనూ ఆఖరివాణ్ణి మరువని ఈ పెద్దమనిషి సతీసమేతంగా సంపూర్ణారోగ్యంతో చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. ప్రతి పథకానికీ హద్దు గీయడం వారే మాకు నేర్పారు. వారి ఆయుష్షుకు మాత్రం మేము ఏ హద్దూ గీయము.